గ్రాండ్ పియానోను ఊరూరా తిప్పాలంటే

ప్రశ్న: వయొలిన్ విద్వాంసులు తమ వయొలిన్ తామే తెచ్చుకుంటారు, వైణికులు వీణ తెచ్చుకుంటారు. మరి పియానిస్టుల సంగతేంటి? వెళ్లిన చోట ఏది ఉంటే అది వాయిస్తారా, సొంతది మోసుకెళ్తారా? అర టన్ను వాద్యాన్ని వారంలో నాలుగు ఊళ్లు తిప్పడం ఎలా కుదురుతుంది? హైదరాబాద్‌లో మా మిత్రబృందం ఒక పియానో కచేరీ పెట్టాలనుకుంటోంది. పియానో బయటినుంచి తెప్పించాలి. ఏమేం చూసుకోవాలి?

జవాబు:

నేను జర్మనీలో ఉంటాను. సంగీత వాద్యాలను, ఎక్కువగా కాన్సర్ట్ గ్రాండ్ పియానోలను, ఒక హాలు నుంచి ఇంకో హాలుకు చేర్చే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. మీరు అడిగింది ఒక ప్రశ్న కాదు, మూడు. అందుకే జవాబు పెద్దదైంది.

ముందుగా, ఎక్కువమంది పియానిస్టులు సొంత పియానో తీసుకెళ్లరు. పెద్ద హాళ్లలో మంచి పియానోలు రెండు మూడు ఉంటాయి. పియానిస్టు ముందే వచ్చి వాయించి చూసి, ఒకటి ఎంచుకుంటారు. అలా లేని చోటికి తయారీ కంపెనీయో, అద్దెకిచ్చేవాళ్లో పంపిస్తారు. స్టైన్‌వే కంపెనీ న్యూయార్క్‌లోనూ హాంబర్గ్‌లోనూ కచేరీల కోసమే కొన్ని పియానోలు విడిగా ఉంచుతుంది. పేరున్న పియానిస్టులు అక్కడికి వెళ్లి నాలుగైదు వాయించి, ఫలానా నంబరు కావాలని చెప్పి వస్తారు. ఇక ఆ నంబరే వేదిక మీదికి రావాలి, దాని పక్కనున్నది కాదు. అలా ఎంచుకున్న ఒకే పియానోను ఐదారు ఊళ్ల కచేరీలకు లారీలో తిప్పడం మాకు మామూలు పని.

సొంత పియానోతోనే తిరిగేవాళ్లు కొందరే. హోరోవిట్జ్ 1986లో, తాను వదిలి వచ్చిన 61 ఏళ్ల తర్వాత, సోవియట్ యూనియన్‌కు వెళ్లి మాస్కోలో కచేరీ చేసినప్పుడు తన స్టైన్‌వేను, దాన్ని శ్రుతి చేసే ట్యూనర్ ఫ్రాంజ్ మోర్‌ను వెంట తీసుకెళ్లారు. పోలండ్ పియానిస్టు క్రిస్టియన్ జిమర్మన్‌దీ అదే పద్ధతి. ఇది గొప్పల కోసం అని చాలామంది అనుకుంటారు, కానే కాదు. గ్రాండ్ పియానోలో ఒక కీ కిందికి దిగడానికి 50 గ్రాముల బరువు చాలు. అందులో రెండు మూడు గ్రాముల తేడా వచ్చినా, కీ పైకి లేచే వేగం కాస్త మారినా వాళ్ల వేళ్లకు తెలిసిపోతుంది. మృదంగ విద్వాంసుడికి వేరే ఎవరిదో మృదంగం ఇచ్చి, రెండు గంటల్లో కచేరీ అంటే ఎలా ఉంటుందో ఆలోచించండి. పియానిస్టులు జీవితమంతా ఆ స్థితిలోనే ఉంటారు. దాన్ని ఒప్పుకోలేని వాళ్లు ఈ ఖర్చుకు సిద్ధపడతారు.

ఇక బరువు విషయం. కచేరీలకు ఎక్కువగా వాడే స్టైన్‌వే మోడల్ డి పొడవు 274 సెంటీమీటర్లు, వెడల్పు 157, బరువు 480 కిలోలు. బోజెండోర్ఫర్ కంపెనీ ఇంపీరియల్ మోడల్ అయితే 290 సెంటీమీటర్ల పొడవు, 97 కీలు, 550 కిలోల పైమాట. వినడానికి భయంగా ఉంటుంది గానీ, సరైన పలక, ట్రాలీ, నలుగురు అనుభవమున్న మనుషులు ఉంటే బరువుతో పెద్ద ఇబ్బంది లేదు. దూరంతో కూడా లేదు. మంచి లారీలో సరిగ్గా కట్టిన పియానో వెయ్యి కిలోమీటర్లు హాయిగా ప్రయాణిస్తుంది. దానికి దెబ్బ తగిలేది లారీకీ వేదికకూ మధ్య ఉన్న ఆ యాభై మీటర్లలోనే, అదీ ఎవరో ఒకరు తొందరపడినప్పుడే. మిగతా నేను చెప్పేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

పియానో నిలబడి ఉన్నట్టే లారీ ఎక్కదు, పక్కకు పడుకోబెట్టాలి. ముందు కీబోర్డు మూత, పై మూత తాళం వేస్తాం. నోట్స్ పెట్టుకునే స్టాండు తీసేస్తాం. కిందికి దూరి పెడల్స్ ఉన్న చట్రాన్ని విప్పుతాం. తర్వాత ఒళ్లంతా మందపాటి దుప్పట్లు. వాయించేవాళ్లకు ఎడమవైపు ఉండే పక్క తిన్నగా ఉంటుంది, కుడి పక్కే వంపు తిరిగి ఉంటుంది. ఆ తిన్నని పక్క వెంబడి నేలమీద మెత్త అంటించిన పొడవాటి పలక వేస్తాం. ఇప్పుడు అసలు ఘట్టం: ఎడమవైపు ముందు కాలు తీసేయాలి. ఒకరు ఆ మూలను భుజం మీద ఆపుతారు, ఇంకొకరు కాలు విప్పుతారు. మూల మెల్లగా కిందికి దిగి, తిన్నని పక్క అంచు పలక మీద ఆనుతుంది. అక్కణ్ణుంచి మొత్తం పియానోను ఆ అంచు మీద పైకి తిప్పి నిలబెట్టాలి. ఆ నాలుగైదు క్షణాల్లో ఒక్కరి గొంతే వినబడాలి. "ఆపు" అనే హక్కు అందరికీ ఉంటుంది, "ఎత్తు" అనేది మాత్రం ఒక్కరే. పక్కన హాలు మేనేజరో, నిర్వాహకుల తాలూకు కుర్రాళ్లో ఉత్సాహంగా చేయి వేయడానికి వస్తే మర్యాదగానే దూరంగా పంపేస్తాం. పియానో నిలబడ్డాక మిగిలిన రెండు కాళ్లు సులువుగా వచ్చేస్తాయి. బెల్టులు బిగించి ట్రాలీ మీదికి ఎక్కిస్తాం. దించేటప్పుడు ఇదంతా వెనకనుంచి ముందుకు.

పేరుమోసిన ప్రమాదాలు చూడండి. కెనడా పియానిస్టు గ్లెన్ గూల్డ్ ప్రాణంగా చూసుకున్న, సి.డి. 318 నంబరు స్టైన్‌వేను 1971లో రవాణాలో పడేశారు. లోడింగ్ డాక్ దగ్గరే పడిందని అంటారు. లోపలి పోత ఇనుప ఫ్రేమ్ నాలుగు చోట్ల పగిలింది. ఫ్రేమ్ మార్చి బాగు చేసినా ఆ పియానో మళ్లీ ఆయనకు నచ్చేలా పలకలేదు. 2020 జనవరిలో పియానిస్టు ఏంజెలా హ్యూయిట్ బెర్లిన్‌లో రికార్డింగ్ ముగించాక, స్టూడియోలోంచి బయటికి తీసే పనిలో ట్రాలీ మీదికి ఎత్తుతూ ఆమె ఫాజియోలి పియానోను రవాణావాళ్లు కింద పడేశారు. నాలుగు పెడల్స్ ఉన్న ప్రత్యేకమైన వాద్యం. తయారుచేసిన పావొలో ఫాజియోలియే స్వయంగా పరిశీలించి ఇక లాభం లేదన్నారు. ఈ ఇనుప ఫ్రేమ్ ఎందుకంత ముఖ్యమంటే, సుమారు 230 తీగలు కలిపి దాదాపు 20 టన్నుల లాగుడు దాని మీద ఉంటుంది. పోత ఇనుము వంగదు, పగులుతుంది. పగిలాక అతుకు వేసి పాత పియానోను తిరిగి తేలేం.

అందుకే పియానో కదలడానికి కొన్ని వారాల ముందే హాలు కొలతలు అడుగుతాం. పక్కకు నిలబెట్టి ట్రాలీ మీద ఉంచితే ఎత్తు 180 సెంటీమీటర్లు దాటుతుంది, పొడవు దాదాపు మూడు మీటర్లు. తలుపు వెడల్పు దాదాపు ఎక్కడైనా సరిపోతుంది. సరిపోనివి మలుపులు, లిఫ్టులు. "మాకు పెద్ద లిఫ్ట్ ఉంది" అని ఒక హాలువాళ్లు ఫోన్‌లో ధీమాగా చెప్పారు. లోతు ఎంతో టేపుతో కొలిచి ఫొటో పంపమన్నాం, పంపలేదు. తీరా వెళ్తే లిఫ్ట్ లోతు పియానోకి ఒక జానెడు తక్కువ. బయట వాన, సాయంత్రం కచేరీ. చివరికి అదనంగా మనుషుల్ని పిలిపించి వెనకవైపు మెట్ల మీదుగా, ఒక్కో మెట్టు దగ్గర ఆగుతూ ఎక్కించాం. పియానోకి ఏమీ కాలేదు, కానీ ట్యూనర్‌కు దక్కాల్సిన రెండు గంటలు ఆ మెట్ల మీదే పోయాయి. ఆ రోజు వాయించిన పియానిస్టు ఏమీ అనలేదు గానీ, మూడో ఆక్టేవ్‌లో శ్రుతి తప్పిన రెండు స్వరాలు నాకు హాలు చివరి వరుసలో కూడా వినిపించాయి. కాబట్టి మాటలు వద్దు, టేపు పెట్టిన ఫొటో కావాలి.

లారీ గురించి. ఎయిర్ సస్పెన్షన్ ఉండాలి, లోపల ఉష్ణోగ్రత అదుపులో ఉండాలి, వెనక సరుకును ఎత్తి దించే పలక (టెయిల్ లిఫ్ట్) కనీసం టన్ను మోయాలి, పియానోను గోడకు ఆనించి బెల్టులతో బిగించాలి. ఇవన్నీ డబ్బు పెడితే దొరుకుతాయి. దొరకనిది టైము. యూరప్‌లో లారీ డ్రైవర్ నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాలు ఆగాలి, రోజుకు తొమ్మిది గంటలకు మించి నడపకూడదు, వారంలో రెండు రోజులు మాత్రం పది. హాంబర్గ్ నుంచి వియన్నా దాదాపు వెయ్యి కిలోమీటర్లు. పెద్ద లారీకి జర్మనీ హైవేల మీద వేగ పరిమితి గంటకు 80 కిలోమీటర్లు. లెక్క వేయండి, ఒక డ్రైవర్‌తో ఒక రోజులో కాదు. శుక్రవారం రాత్రి ఒక ఊళ్లో కచేరీ, శనివారం సాయంత్రం వియన్నాలో ఇంకోటి అని ఏజెంటు రాసేస్తే పియానిస్టు విమానంలో హాయిగా చేరతారు, పియానో చేరదు. పైగా ఆదివారాలు జర్మనీలో 7.5 టన్నులు దాటిన లారీలు రాత్రి పది దాకా తిరగకూడదు. అందుకే చాలామంది ఆ లోపు బరువున్న వాహనాలనే వాడతారు. టూర్ వేసేటప్పుడే పియానోకి విడిగా ఒక టైమ్‌టేబుల్ రాసి, కచేరీ తేదీలను దానికి తగ్గట్టు సర్దమని నేను ప్రతి ఏజెంటునూ బతిమాలుతుంటాను. వినేవాళ్ల టూర్లు టెన్షన్ లేకుండా సాగుతాయి.

దెబ్బల తర్వాత అంత ప్రమాదం తేమ. పియానో గుండె అనదగ్గది సౌండ్‌బోర్డు. ఒక సెంటీమీటరు కూడా మందం లేని స్ప్రూస్ చెక్క పలక. గాలిలో తేమ పెరిగితే అది ఉబ్బి తీగల్ని పైకి నెడుతుంది, శ్రుతి పెరుగుతుంది. గాలి పొడిబారితే కిందికి దిగుతుంది. అన్ని స్వరాలూ సమానంగా మారితే బాధ లేదు, మధ్య స్థాయిలో ఎక్కువ, పైన కింద తక్కువగా మారతాయి. 40 నుంచి 50 శాతం మధ్య తేమ నిలకడగా ఉంటే పియానో సుఖంగా ఉంటుంది. చలికాలంలో ఇంకో ఇబ్బంది. బయట సున్నా కింద పది డిగ్రీలు, హాల్లో 21. చల్లబడిన పియానోను లోపలికి తెచ్చి వెంటనే దుప్పట్లు తీస్తే, ఇనుప ఫ్రేమ్ మీద, తీగల మీద నీటి తేమ పడుతుంది. తుప్పుకి అదే మొదలు. అందుకని దుప్పట్లు అలాగే ఉంచి కొన్ని గంటలు వదిలేస్తాం. వీలైతే ఒక పూర్తి రోజు. ఊరికే కూర్చున్నామని నిర్వాహకులు విసుక్కుంటారు, ఆ కూర్చోవడం కూడా పనే.

ఆ తర్వాత ట్యూనర్ వంతు. ఆయనకు రిహార్సల్‌కు ముందు రెండు గంటల పూర్తి నిశ్శబ్దం కావాలి. లైట్ల వాళ్లు నిచ్చెనలు లాగుతుంటే, మైకులవాళ్లు "హలో, వన్ టూ త్రీ" అంటుంటే శ్రుతి చేయడం కుదరదు. కచేరీలో వెలిగే లైట్లన్నీ అప్పుడే వెలిగించి ఉంచాలి, ఎందుకంటే వేడికి తీగలు సాగి శ్రుతి దిగుతుంది. రిహార్సల్ అయ్యాక మళ్లీ ఒక గంట. విరామంలో జనం కాఫీకి వెళ్లినప్పుడు ఆయన మళ్లీ వేదిక మీదికి వస్తారు. గంటసేపు గట్టిగా వాయించిన చోట ఒక్కో స్వరానికి ఉండే మూడేసి తీగలు శ్రుతిలో ఒకదాన్నుంచి ఒకటి కాస్త విడిపోయి ఉంటాయి, వాటిని కలుపుతారు. ఇంకొక మాట: ఆర్కెస్ట్రాతో కచేరీ అయితే వాళ్ల శ్రుతి ఎంతో ముందే అడగండి. ‘ఎ’ స్వరాన్ని కొందరు 440 హెర్ట్జ్ (సెకనుకు అన్ని కంపనాలు) దగ్గర పెడతారు, కొందరు 442, వియన్నాలో 443. అన్ని తీగల్నీ ఒక్కసారిగా మూడు హెర్ట్జ్ పైకి లాగితే ఆ రాత్రికి నిలవవు. కనీసం రెండు రోజుల ముందే మొదలుపెట్టాలి.

సరిహద్దులు దాటేటప్పుడు కాగితాలు. పియానోను అమ్మడానికి కాదు, వాయించి వెనక్కి తెచ్చుకోవడానికి తీసుకెళ్తున్నామని చెప్పే పత్రమే ఏటీఏ కార్నెట్. ఒక ఏడాది చెల్లుతుంది. మన దేశంలో వాణిజ్య, పరిశ్రమల సమాఖ్య ఫిక్కీ ఇస్తుంది. మ్యూనిక్ నుంచి జ్యూరిక్ వెళ్లినా కావాలి, ఎందుకంటే స్విట్జర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో లేదు. 2021 జనవరి నుంచి లండన్‌కూ అంతే. వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు ప్రతి సరిహద్దులో ముద్ర పడాలి. ఒక్క ముద్ర తప్పినా మొత్తం పియానో విలువ మీద సుంకం అడుగుతారు. పియానో నంబరు కాగితంలో ఒకటి, ఫ్రేమ్ మీద ఇంకోటి ఉండకూడదు. పాత పియానో అయితే కీల మీద ఏనుగు దంతం ఉండొచ్చు, బ్రెజిల్ రోజ్‌వుడ్ ఉండొచ్చు. వాటికి సైటీస్ (అంతరించిపోతున్న జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) అనుమతులు వేరు, నెలల ముందు మొదలుపెట్టాలి. విమానంలో పంపే చెక్క పెట్టె 56 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉంచినట్టు ముద్ర ఉన్న కలపతోనే చేయాలి. సాధారణ ప్రయాణికుల విమానం కింది అరలో 160 సెంటీమీటర్ల ఎత్తుకు మించి పట్టదు. పెట్టెలో పక్కకు నిలబెట్టిన కాన్సర్ట్ గ్రాండ్ దాన్ని దాటుతుంది కాబట్టి కార్గో విమానమే దిక్కు. అవి రోజూ ఉండవు.

జిమర్మన్ కథ ఇక్కడే చెప్పాలి. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత కొద్దికాలానికి ఆయన పియానోను న్యూయార్క్ విమానాశ్రయంలో ఆపారు. జిగురు వాసన పేలుడు పదార్థంలా ఉందని అనుమానించి పియానోనే ధ్వంసం చేశారు. ఆ తర్వాత ఆయన చాలాసార్లు యాక్షన్ ఒక్కటే, అంటే కీబోర్డు, సుత్తులు ఉన్న భాగం మాత్రమే తీసుకెళ్లి స్థానికంగా దొరికిన స్టైన్‌వేలో అమర్చుకోవడం మొదలుపెట్టారు. యాక్షన్ బీరువా సొరుగులా ముందుకు వచ్చేస్తుంది, ఇద్దరు మోయగలరు. చెప్పినంత తేలిక మాత్రం కాదు. ఒకే మోడల్ అయినా యాక్షన్ కూర్చునే అడుగు పలక ఏ రెండు పియానోల్లోనూ అచ్చంగా ఒకటి కాదు. సుత్తి తీగకు సరిగ్గా ఎక్కడ తగలాలో ఆ చోటు ఒక మిల్లీమీటరు జరిగినా పై స్వరాలు మూగబోతాయి. మంచి టెక్నీషియన్‌కు కూడా ఒక పూట పడుతుంది. అయినా నాకు ఈ పద్ధతి మీద చాలా గౌరవం. వేళ్లకు తెలిసిన భాగం వెంట వస్తుంది, అర టన్ను ఇంట్లోనే ఉంటుంది.

పాప్ కచేరీల్లో కనిపించే గ్రాండ్ పియానోలు చాలావరకు పైన గ్రాండ్ ఆకారం, లోపల డిజిటల్ కీబోర్డు. వాటి రవాణా వేరే లెక్క, వదిలేద్దాం.

ఇప్పుడు మీ హైదరాబాద్ కచేరీ. పియానో ముంబై నుంచి వస్తుందనుకుందాం. సుమారు 700 కిలోమీటర్లు, సముద్రపు తేమలోంచి దక్కన్ పొడి గాలిలోకి. ఏప్రిల్, మే అయితే ఈ తేడా చాలా ఎక్కువ, పియానో కుదురుకోవడానికి రెండు రోజులు ఇవ్వండి. వానాకాలం అయితే లారీ పైకప్పు కారదని మీ కళ్లతో చూసుకోండి. మామూలు లారీకి ఎయిర్ సస్పెన్షన్ ఉండదు, ఉన్నదే కావాలని పట్టుబట్టండి. లేదంటే స్పీడ్ బ్రేకర్ల దెబ్బలన్నీ పియానో తింటుంది. అసలు కాన్సర్ట్ గ్రాండే కావాలా అని పియానిస్టును ఒకసారి అడగండి. రెండు వందల మంది పట్టే హాలైతే 211 సెంటీమీటర్ల మోడల్ బి చాలా బాగుంటుంది, లిఫ్టుల్లోనూ పడుతుంది. కానీ ఏది వస్తుందో కాంట్రాక్టులో మోడల్‌తో సహా రాసుకోండి. 1975లో జర్మనీలోని కొలోన్‌లో జాజ్ పియానిస్టు కీత్ జారెట్ బోజెండోర్ఫర్ ఇంపీరియల్ అడిగితే వేదిక మీదికి ఒక చిన్న, సరిగ్గా లేని పియానో వచ్చింది. మంచిదాన్ని తెప్పిద్దామంటే బయట వాన, సరైన రవాణా లేదు, అలా తెస్తే పాడైపోతుందని ట్యూనర్ హెచ్చరించాడు. జారెట్ ఆ చిన్నదాని మీదే వాయించి చరిత్ర సృష్టించారు. అది జారెట్ గొప్పతనం, దాన్ని నమ్ముకుని మనం ఏర్పాట్లు చేయకూడదు.

మన దగ్గర నన్ను ఎక్కువ కంగారు పెట్టేది ఏసీ. హాలువాళ్లు కచేరీకి గంట ముందు ఏసీ వేసి, జనం లేవగానే ఆపేస్తారు. కరెంటు బిల్లు వాళ్లకు ముఖ్యం. పియానో లోపలికి వచ్చిన దగ్గర్నుంచి వెళ్లేదాకా, రాత్రి కూడా, ఏసీ ఒకే డిగ్రీల మీద నడవాలని ముందే రాయించుకుని ఆ డబ్బు బడ్జెట్‌లో వేసుకోండి. లేకపోతే రాత్రి చేసిన శ్రుతి పొద్దుటికి ఉండదు. ట్యూనర్‌ను పియానోతో పాటే రప్పించండి, ఒక రోజు ఎక్కువ ఉంచుకోండి. వేదిక తాత్కాలికంగా వేసిందైతే కార్పెట్ కింద మందపాటి ప్లైవుడ్ వేయించండి. 480 కిలోలు మూడు కాళ్ల మీదే పడతాయి, చక్రాలు దిగబడితే కదపలేరు. జ్యోతి ప్రజ్వలన దీపపు కుందె పియానోకి దూరంగా, వేదికకు రెండో చివర పెట్టించండి. బొకేలు, శాలువలు, వాటర్ బాటిళ్లు పియానో మూత మీద పెట్టనివ్వద్దని ఒక మనిషికి అదే పనిగా అప్పగించండి. ముఖ్య అతిథి వచ్చాక మీకు గుర్తుండదు.

ఇన్సూరెన్స్ అద్దె ఇచ్చినవాళ్ల గోడౌన్ నుంచి తిరిగి అదే గోడౌన్ దాకా ఉండాలి, ఎక్కించడం దించడంలో జరిగే నష్టం కూడా అందులో ఉందని రాతపూర్వకంగా తీసుకోండి. చాలా పాలసీలు లారీ కదిలినప్పుడే మొదలై ఆగినప్పుడే ముగుస్తాయి. పియానో చేరగానే దాని నాలుగు వైపులా, కాళ్లు, పెడల్స్, మూత అంచులు ఫొటోలు తీసి ఇద్దరూ సంతకాలు చేయండి. వెళ్లేటప్పుడు మళ్లీ అంతే.

తిరుగు ప్రయాణానికి హాలును ఇంకో పూట అదనంగా బుక్ చేసుకోండి. రాత్రి పదిన్నరకు కచేరీ ముగిసి, పదకొండున్నరకు హాలు ఖాళీ చేయాలంటే, అలిసిపోయిన మనుషులు సగం చీకట్లో ఎడమ కాలు విప్పుతారు. హ్యూయిట్ పియానో పడింది కూడా పనంతా అయిపోయాకే. పొద్దున్నే తొమ్మిదింటికి, టిఫిన్ తిన్న నలుగురు మనుషులతో, వెలుతురులో తీయించండి. ఆ పూట అద్దె బరువనిపిస్తే కుర్చీల అలంకరణలో తగ్గించుకోండి, ఇందులో వద్దు.